మెల్లకన్ను రాకుమారి

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ నీ కూతురు పిడుగూ నేనూ కులాసా. నువ్వూ బావగారూ ఆ దీవి మీద గాలికి ఎగిరిపోకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. కులాసా అన్న మాట చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది. అందులో ఎంత నిలుస్తుందో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. ఈలోగా ఒక్క మాట. మీ వాతావరణ కేంద్రంలో ఇంకో ఆరు నెలలు ఉంటామని ఇవ్వాల్సిన కాగితం మీద ఇంకా సంతకం పెట్టకపోతే, ఈ ఉత్తరం ఆఖరి వరస చదివేదాకా పెట్టకు.

ఈ సంగతి ఆదివారం ఫోనులో చెప్పేది కాదు. ఉన్నవే ఐదు నిమిషాలు. అందులో ఒక నిమిషం మీ గాలి హోరు, మూడు నిమిషాలు నీ కూతురివి. మిగిలిన ఆ ఒక్క నిమిషమూ అది నా చంకలో దూరి ఫోనుకి చెవి ఆనించే ఉంటుంది. దాని ముందు చెప్పలేను. అందుకే పడవకి ఈ ఉత్తరం వేస్తున్నాను.

నీ ప్రశ్నలకి వరసగా జవాబులు. పిడుగుకి దగ్గు పూర్తిగా పోయింది. బావగారి వానకోటు ఓడరేవు ఆఫీసులో ఇచ్చేశాను, పడవవాళ్ళు తెస్తారు. గుండీలు రెండు మార్చాను, రంగు కలవలేదని గొణగవద్దని చెప్పు. జుట్టు ఎందుకు కత్తిరించావని అడిగావు. బడిలో సగం మందికి పేలు పట్టాయి, మనదానికి కూడా. దానికి నీ జుట్టే వచ్చింది, దువ్వెన పళ్ళు విరిగేంత ఒత్తు. కత్తెర పట్టుకున్నప్పుడు నా చెయ్యి కాస్త ఉత్సాహంగానే ఆడిందని ఒప్పుకుంటాను. అయినా కత్తిరించక తప్పేది కాదు.

స్టూడియోలో పని ఎలా ఉందన్నావు. అలాగే ఉంది. ముందు గదిలో ఓనరు ఫోటోలు తీస్తాడు, వెనక గదిలో నేను కంప్యూటరు ముందు కూచుని వాటిని దిద్దుతాను. మచ్చలు తీసేయడం, దవడ సన్నం చేయడం, కళ్ళు కొంచెం పెద్దవి చేయడం. వచ్చిన ప్రతి పెళ్ళికూతురూ రాకుమారిలా ఉండాలంటుంది. పోయిన వారం ఒక లాయరమ్మ వచ్చింది, కోర్టులో ఆవిడ నోరు విప్పితే అవతలివాళ్ళు హడలిపోతారట. ఆవిడ నా పక్కన స్టూలు మీద కూచుని, తెర మీద వేలు పెట్టి, ముక్కు ఇక్కడ కొంచెం తగ్గుతుందా అండీ అని చిన్నపిల్లలా అడిగింది. చిన్నప్పుడు ఎవరో చెప్పిన కథలోని ముఖం ఒకటి ఆవిడ మనసులో ఉంది. దానికంటే తను ఎక్కడ ఎంత తక్కువో మిల్లీమీటర్లతో సహా ఆవిడకి తెలుసు. అందరూ అంతే. సాయంత్రానికి అందరి ముఖాలూ ఒక్కలాగే తేలతాయి. అది ఎవరి ముఖమో నేను చాలా ఏళ్ళు గమనించలేదు, ఈమధ్యే గమనించాను. అది నీ ముఖం.

ఇక దాని కంటి పట్టీ సంగతి. సరిగ్గా పెడుతున్నావా అని నువ్వు ఈసారి అడగలేదు. అడిగే అవసరమే లేదన్నట్టు రాశావు. “ఫోటోలో దాని ఎడమ కన్ను ఎంత చక్కగా కుదురుకుందో చూసి నాకు ఏడుపొచ్చింది. అంతా నీ చేతి చలవ. ఇక ఆరు నెలలు నిశ్చింతగా ఉండగలం.” ఈ మూడు వాక్యాలూ ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను. దీనికి జవాబు ఒక్క ముక్కలో రాయవచ్చు గానీ, అలా రాస్తే నీకు సగమే అర్థమవుతుంది. కాస్త ఓపిక పట్టు, మొదటినుంచీ వస్తాను.

అమ్మ మనిద్దరికీ తల దువ్వుతూ చెప్పే కథ నీకు గుర్తుందా? గుర్తుండి ఉండదు. నువ్వు అందులో సుఖంగా ఉన్నావు. అనగనగా ఒక రాజు, ఆయనకొక కూతురు, అపురూప సౌందర్యవతి. అక్కడికి వచ్చేసరికి అమ్మ చేతిలో దువ్వెన నీ జడ పొడుగునా నిదానంగా దిగేది. ఆమెకొక చెలికత్తె ఉండేది. అక్కడ దువ్వెన వెనక వైపుతో నా నెత్తిన చిన్నగా ఒక్కటి తగిలేది. నాకు నవ్వొచ్చేది. ఐదారేళ్ళు వచ్చేవరకూ నిజంగానే నవ్వాను. రాకుమారికి జ్వరం వస్తే రాజ్యమంతా పస్తుండేది. చెలికత్తెకి జ్వరం వచ్చినట్టు ఏ కథలోనూ లేదు. ఒకరోజు అడిగాను, చెలికత్తెకి పెళ్ళి ఎవరితో అమ్మా అని. అమ్మ నోట్లో పిన్నులు పెట్టుకుని ఉంది. “దానికేమే, ఎవరో ఒకరు,” అంది.

అమ్మ పోయి ఆరేళ్ళయింది, ఆవిణ్ణి ఇప్పుడు తప్పుపట్టను. ఆ ఎవరో ఒకరు మాత్రం ఇంతవరకూ రాలేదు. లైబ్రరీలో పనిచేసే అతను నాకు పుస్తకాలు ఎంపిక చేసి ఇచ్చేవాడు, నీకు తెలుసు. ఒకసారి పుస్తకంలో ఒక కవరు ఉంది. మూడు వీధులు ఎక్కడా ఆగకుండా నడిచి వచ్చి, గది తలుపు వేసుకుని తీస్తే పైన నీ పేరు. తెచ్చి నీ చేతికే ఇచ్చాను. నువ్వు చదివి, పాపం అని నవ్వేసి, మర్నాడు దాని వెనక కూరల జాబితా రాశావు. జీతం లేని చెలికత్తె ఉద్యోగం నాకు అలా ఖాయమైపోయింది. నువ్వేం తప్పు చేయలేదు, నా కడుపుమంటంతా అదే. తప్పు చేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. అందంగా ఉన్నందుకు మనిషిని ఏమని తిడతాం?

ఆ కథ నిన్నూ తేలిగ్గా వదల్లేదు, ఆ మాటా రాయాలి. రంగు తగ్గుతుందని అమ్మ నిన్ను ఎండలో ఆడనిచ్చేది కాదు. నేను గోడలెక్కి దూకుతుంటే నువ్వు కిటికీలోంచి చూసేదానివి. ఇప్పుడు గాలి వేగం కొలిచే స్తంభం రోజుకి రెండుసార్లు ఎక్కి దిగుతున్నావని బావగారు రాశారు. సంతోషించాలి. సగమే సంతోషించాను, ఎక్కడం కూడా నీకే బాగా వచ్చిందా అనిపించింది.

పిడుగుని నా దగ్గర వదిలి మీరు పడవెక్కిన రోజు నేను పైకి కళ్ళు తుడుచుకున్నాను గానీ లోపల పొంగిపోయాను. అది నాదవుతుందనుకున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టే, బడి అయ్యాక రోజూ నాలుగు గంటలు, బాగా చూసే కుడి కంటికి పట్టీ అంటించి, లోపలికి తిరిగిన బలహీనమైన ఎడమ కంటితో చూసేలా చేశాను. ఎనిమిదేళ్ళు నిండేలోపు ఆ కన్ను చూడ్డం నేర్చుకోవాలి, లేకపోతే ఇక కష్టమని ఆవిడ నీ ముందే చెప్పింది. దానికి ఇప్పుడు ఆరున్నర. స్టూడియో వెనక గదిలో నా పక్కనే స్టూలు వేసి, బొమ్మలకి రంగులు వేయిస్తూ, కదలకుండా ఉండటానికి కథలు చెప్పేదాన్ని. అమ్మ కథలే. రెండు నెలలు బాగా సాగింది.

బాగా సాగింది దాని కంటికి, నాకు కాదు. రాకుమారి అనగానే “అంటే నేను” అనేది. ఎవరు చెప్పారే అంటే మా అమ్మ చెప్పిందనేది. నువ్వు స్నానం చేయిస్తూ కథ చెప్పినప్పుడు రాకుమారికి దాని పేరే పెట్టేదానివట. నా కథకి అడుగడుగునా వంకలు. అమ్మయితే గుర్రం గొంతు పెడుతుంది. అమ్మయితే రాక్షసుణ్ణి ఇంకా లావుగా చేస్తుంది. నేను వండితే అమ్మ వండినట్టు లేదు, నేను నీళ్ళు పోస్తే అమ్మ పోసినట్టు లేదు. దిండు కింద నీ ఫోటో. దిద్దుబాటు అక్కరలేని ఫోటో, నా దగ్గరికి అలాంటిది ఏడాదికి ఒకటి కూడా రాదు. ఒక ఆదివారం అది నీతో చెప్పింది గుర్తుందా, పిన్నికి కథలు చెప్పడం రాదమ్మా అని. నువ్వు నవ్వావు. ఆ గాలి హోరులోంచి కూడా హాయిగా వినబడింది నీ నవ్వు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు కథ మార్చాను. అనగనగా ఒక రాజు, ఆయనకొక కూతురు, ఆమెకి ఒక కన్ను మెల్ల. అది ఎప్పుడూ ముక్కు వైపే చూస్తూ ఉంటుంది. రాజు కోటలోని అద్దాలన్నీ గోడ వైపు తిప్పించేశాడు. ఆమెకొక చెలికత్తె ఉండేది, అపురూప సౌందర్యవతి. వచ్చిన రాజకుమారులు ముందు రాకుమారికి మర్యాదకి దండం పెట్టి, తర్వాత చెలికత్తెని చూస్తూ నిలబడిపోయేవారు. చెప్తుంటే నా ఒళ్ళు తేలికపడింది అక్కా. పది రోజులు చెప్పాను, రోజుకో కొత్త ముక్క అతికించి. రాకుమారి జడ సవరమన్నాను. నవ్వితే గుర్రాలు బెదురుతాయన్నాను. అన్నిటినీ వదిలి కన్నే ఎందుకు పట్టుకున్నానంటే, నలుగురూ పొగిడేది నీ కళ్ళనే కాబట్టి. కొడితే అక్కడే కొట్టాలనిపించింది. నిన్ను చూసి కళ్ళలో నిప్పులు పోసుకుంటూ కూచున్నాను గానీ, నా చేత్తోనే పట్టీ అంటించిన పిల్ల పక్కన స్టూలు మీద ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. నమ్మవు. నేనైనా నమ్మను. కానీ తట్టలేదు.

నాలుగో రోజు నుంచి అది “అంటే నేను” అనడం మానేసింది. కథలో పడిపోయిందనుకున్నాను. ఒకరోజు రంగు పెన్సిలు ఆపి, “ఆ రాకుమారి కన్ను తర్వాత బాగవుతుందా పిన్నీ?” అని అడిగింది. నేను ఎవరిదో ముక్కు సన్నం చేస్తున్నాను. తల తిప్పకుండానే, “ఎక్కడ బాగవుతుంది, అందుకే గదిలోంచి బయటికి రాదు,” అన్నాను.

ఆ వారమే పట్టీ గోల మొదలైంది. దురద అంది, చెమట అంది. తీసేయమని నా మెడ చుట్టూ చేతులు వేసింది. అరగంట ముందు తీశాను. “నువ్వు మంచిదానివి పిన్నీ. అమ్మయితే తియ్యనివ్వదు,” అంది. ఎంత మాటో చూడు. నీకంటే నేను మేలని ఒక మనిషి అనడం నా జన్మలో అదే మొదలు. మర్నాడు గంట ముందు తీశాను. ఆ తర్వాత పెట్టినట్టు పెట్టి తీసేయడం, చివరికి పెట్టకపోవడం. అలా ఆరు వారాలు గడిచాయి. డాక్టరమ్మ మాట మరిచిపోయి కాదు. రోజూ గుర్తొచ్చేది, రేపటినుంచి అనుకునేదాన్ని. కానీ అది నా ఒళ్ళో కూచుని నా గాజులు లెక్కపెడుతూ, రెండు రోజులు నీ పేరెత్తకుండా ఉంటే, ఆ రెండు రోజులూ నా కాలు నేల మీద నిలిచేది కాదు. నువ్వు ఫోనులో పట్టీ పెడుతున్నావా అంటే పెడుతున్నాను అనేదాన్ని. అది పక్కనుంచి తల ఊపేది, ఇద్దరం దొంగల్లా నవ్వుకునేవాళ్ళం.

అప్పుడే నువ్వు ఫోటో పంపమన్నావు. ఓనరు తీశాడు. ఎడమ కన్ను మునుపటికంటే లోపలికి తిరిగి ఉంది. అలాగే పంపితే నీకు తెలిసిపోతుంది. అందుకని దాని కుడి కన్ను తీసుకుని, తిరగేసి, ఎడమ వైపు పెట్టాను. నాకది ఐదు నిమిషాల పని. నువ్వు చూసి ఏడ్చింది ఆ కన్నునే అక్కా. నా చేతి చలవ అని రాశావు, అదీ నిజమే. పని ముగించి చూస్తుండగా పిడుగు వచ్చి నా భుజం మీంచి తొంగి చూసింది. బాగుందా అన్నాను. చాలాసేపు చూసింది. “ఇది నేను కాదు, అమ్మ,” అని వెళ్ళి తన స్టూలు మీద కూచుంది.

ఆ తర్వాతి వారం కంటి పరీక్ష. మీరు వెళ్ళేటప్పుడు గోడ మీద పటంలో ఎడమ కంటితో నాలుగో వరస చదివేది కదా. మొదటి రెండు నెలల్లో ఐదో వరసకి వచ్చింది. ఆరోజు మూడో వరస దగ్గర ఆగిపోయింది. డాక్టరమ్మ నన్ను ఏమీ అనలేదు, పట్టీ ఎందుకు పెట్టుకోవడం లేదు తల్లీ అని దాన్నే అడిగింది. అది ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పింది.

“నేను రాకుమారిని. మా అమ్మ చెప్పింది. రాకుమారి కన్ను బాగవదు. పిన్ని చెప్పింది. మరి పట్టీ ఎందుకు?”

డాక్టరమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నువ్వు ముద్దుచేసి దాన్ని రాకుమారిని చేశావు, నేను కుళ్ళుకుని రాకుమారికి మెల్ల పెట్టాను. ఆ పిల్ల మనిద్దరినీ నమ్మింది. బయటికి వచ్చాక మెల్లిగా కూపీ లాగితే ఇంకా చాలా వచ్చాయి. బడిలో మధ్యాహ్నం అందరూ బయట ఆడుతుంటే అది గదిలోనే ఉంటోందట. టీచరు ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందనేదట. స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళనని కడుపునొప్పి అంది చూడు, నేను వాము నీళ్ళు తాగించి నీకు కూడా చెప్పాను, అదీ ఇందుకే. మెల్లకన్ను రాకుమారి గదిలోంచి బయటికి రాదు కదా. మెల్లకన్ను పాపం అది పుట్టినప్పటినుంచీ ఉన్నదే, దానికి సిగ్గుపడాలని మాత్రం నేనే నేర్పాను.

ఇంటికి వచ్చి దాన్ని వంటింటి గట్టు మీద కూచోబెట్టి నిజం చెప్పాను. ఆ కథ నేను అల్లిన అబద్ధమని, మీ అమ్మ మీద కుళ్ళుతో అల్లానని. కుళ్ళంటే ఏంటి అంది. మీ అమ్మ అందంగా ఉంటుంది, నేను ఉండను, అందుకని నాకు కోపం అన్నాను. ముప్పై ఏడేళ్ళొచ్చాయి నాకు, ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అది నన్ను తేరిపార చూసింది. నువ్వూ అందంగానే ఉంటావు పిన్నీ అంటుందని ఒక్క క్షణం ఆశపడ్డాను, దాచడమెందుకు. అనలేదు.

“అయితే పట్టీ పెట్టు,” అంది.

ఇది జరిగి నాలుగు వారాలైంది. అప్పటినుంచి గడియారం చూసి నాలుగు గంటలు పెడుతున్నాను. ఏడ్చినా, కావలించుకున్నా, నువ్వు చెడ్డదానివి అన్నా తీయడం లేదు. రాకుమారి కథలు కట్టిపెట్టాం. ఎవరూ అందంగా ఉండనక్కర్లేని కథలు వెతుక్కుని చెప్తున్నాను, దారి తప్పిన గాడిదదీ, చెవిటి గడియారాలవాడిదీ. అవి దానికి అంతంతమాత్రంగానే ఉన్నాయి. బడిలో మధ్యాహ్నం బయటికి వెళ్ళి ఆడుతోందట, రోజూ కాదు గానీ వెళ్తోంది. మొన్న డాక్టరమ్మ చూసినప్పుడు నాలుగో వరస చదివింది. ఐదోది రాలేదు. వస్తుందా అంటే మాట ఇవ్వలేనంది ఆవిడ. ఇక ఒక్కరోజు కూడా పోగొట్టుకోకుండా పెడితే రావచ్చంది.

ఈ నాలుగు వారాల్లో రెండు పడవలు వెళ్ళాయి, రెండింటికీ నేను నీకు ఉత్తరం వేయలేదు. భయమేసింది. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది, ఫోటో చూసి మురిసిపోతూ, ఇంకో ఆరు నెలలు ఉంటామంటూ. ఇక దాచితే నేను అతికించిన కన్నుని నమ్మి నువ్వు సంతకం పెట్టినట్టవుతుంది. అసలు ఫోటో ఇందులో పెట్టాను. ఒక్క చుక్క కూడా దిద్దలేదు.

ఇది చదివి ఏడుస్తావు. ఏడ్చినా నీకు ముక్కు ఎర్రబడదు, ఎలా ఏడుస్తావో నాకు తెలుసు, ఇది రాస్తూ కూడా దానికి కుళ్ళుకుంటున్నాను. నేను మారిపోయానని రాయను. నా కుళ్ళు నాకుంది. ఆ పిల్ల కంటి జోలికి మాత్రం దాన్ని పోనివ్వను.

కాగితం మీద సంతకం పెట్టకుండా రెండు నెలల్లో మీరు తిరిగి వచ్చేస్తే, పట్టీల డబ్బాలూ, ఏ రోజు ఎన్ని గంటలు పెట్టానో రాసిన పుస్తకమూ నీ చేతికి ఇస్తాను, ఒక్క మాట అనను. ఇంత చదివాక కూడా నా దగ్గర ఉంచుతానంటే, ఆరు నెలల్లో ఒక్క గంట తప్పను. నాకేం కావాలో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను, అది నా దగ్గరే ఉండాలని ఉంది. బావగారికి కూడా చదివి వినిపించి, ఇద్దరూ ఆలోచించి చెప్పండి. ఏం చెప్పినా వింటాను.

ఒక్కటే కోరేది. ఆదివారం ఫోనులో, ఎవరి దగ్గర ఉంటావే అని దాన్ని మాత్రం అడగకు. నేను అడిగి చూశాను. నోట్లో ముద్ద మింగనైనా మింగకుండా అమ్మ అంది.

ఇట్లు,
నీ మీద ఇంకా కుళ్ళు చావని
నీ చెల్లెలు